ఐదక్షరాల ఇంగ్లీష్ పదాల్లో జి-హెచ్ జంట: పిల్లలతో ఎలా చదివించాలి?

నర్సంపేట నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. వాళ్ళ బిడ్డ ఏడో తరగతి. బడిలో స్పెల్లింగ్ పోటీ పెడుతున్నారు. జి, హెచ్ పక్కపక్కనే వచ్చే ఐదక్షరాల పదాలన్నీ నేర్చుకుని రమ్మన్నారట. నెట్‌లో వెతికితే చాంతాడంత జాబితా దొరికింది గానీ అందులో సగం పదాలు తల్లికే తెలియవు. పాప రాత్రి బట్టీ పట్టి అప్పజెప్పినవి పొద్దున్నకల్లా మర్చిపోతోంది. పైగా "పలకని అక్షరాలు ఎందుకు రాయాలమ్మా" అని నిలదీస్తోంది. ఏం చెప్పాలో తెలియక ఆమెకు టెన్షన్.

అమ్మా, ముందు ఆ జాబితా పక్కన పెట్టేయండి. నేను వరంగల్ చుట్టుపక్కల సర్కారు బడుల్లో ఇంగ్లీష్ చెప్పినవాడిని. ఈ జంట దగ్గర పిల్లలు ఎక్కడ ఆగిపోతారో బాగా తెలుసు. మీకు దొరికిన జాబితా పదాల ఆటలు ఆడేవాళ్ళ కోసం తయారైంది. నిఘంటువులో ఏ మూలనో పడి ఉన్న పాత మాటలు, స్కాట్లాండ్ యాస మాటలు, బహువచనాలు అన్నీ అందులో కుక్కుతారు. బడి స్థాయికి గట్టిగా రావాల్సినవి ఇరవై. వాటిలో సగం మీ పాపకు ఇప్పటికే వచ్చు, స్పెల్లింగ్ ఒక్కటే తెలియదు.

ఎలాగంటే, ఇంట్లో మాట్లాడేది ఒకసారి వినండి. నైట్ డ్యూటీ అంటాం. లైట్ వేయమంటాం. జాకెట్ టైట్ అయిందంటాం. సినిమాలో ఫైట్ బాగుందంటాం. నర్సంపేట బస్సులో కండక్టర్ "రైట్ రైట్" అంటాడు. లెక్కలు రఫ్ నోట్‌బుక్‌లో చేస్తారు. పేపర్ టఫ్‌గా వచ్చిందంటారు. దగ్గుకు కాఫ్ సిరప్ తెస్తారు. ఇవన్నీ జి-హెచ్ మాటలే, అన్నీ ఐదక్షరాలవే. పాప చెవికి ఇవి పుట్టినప్పటి నుంచి అలవాటు. కాబట్టి కొత్త మాటలు నేర్పుతున్నామని అనుకోకండి. తెలిసిన మాటకు బట్ట కుడుతున్నాం, అంతే. చెవి నుంచి చేతికి రావాలి. అక్షరాలు ముందు చూపించి "ఇదేంటో చదువు" అంటే బెదిరిపోతారు. మాట ముందు పలికించి, తర్వాత రాయిస్తే బెదరరు.

ఇక అసలు విషయం. ఈ జంట ఎలా పలుకుతుందో అది పదంలో ఎక్కడ కూర్చుందో చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. నోట్‌బుక్‌లో ఐదు గళ్ళు గీయండి, గడికి ఒక అక్షరం. నైట్ రాయించండి: ఎన్, ఐ, జి, హెచ్, టి. జంట మూడో గడిలో, నాలుగో గడిలో పడింది. ఆఖరి గడిలో టి. ఇప్పుడు లైట్, రైట్, మైట్, సైట్, ఫైట్, టైట్ వరుసగా ఒకదాని కింద ఒకటి రాయించండి. మొదటి అక్షరం ఒక్కటే మారుతుంది, మిగతా నాలుగు గళ్ళు కదలవు. వాటి కిందే ఎనిమిది అనే అర్థంలో ఎయిట్, చేయాల్సింది అని చెప్పడానికి వాడే ఆట్ కూడా రాయించండి. ఎయిట్ అంటే ఇ, ఐ, జి, హెచ్, టి. ఆట్ అంటే ఓ, యు, జి, హెచ్, టి. ఇక్కడ కూడా జంట అదే గళ్ళలో ఉంది. మొత్తం తొమ్మిది మాటలు, తొమ్మిదింటిలోనూ జి-హెచ్ మౌనమే. టి ముందు ఈ జంట వస్తే ఐదక్షరాల మాటల్లో పలకదు, అంతే సంగతి.

రెండో గుంపులో జంట చివరి రెండు గళ్ళలో ఉంటుంది. తూకం వేయడం అనే వే, గుర్రం సకిలించడం అనే నే, తొడ అనే థై. ఈ మూడింటిలో జంట ముందు ఐ ఉంది, జంట పలకదు. దీనికి కూడా భయపడక్కర్లేదు. భయపడాల్సింది ఏదైనా ఉంటే అది జంట ముందు యు వచ్చిన ఆరు మాటలే: లాఫ్, కాఫ్, రఫ్, టఫ్, డో, బౌ. నవ్వు, దగ్గు, గరుకు, గట్టి, తడిపి కలిపిన పిండిముద్ద, చెట్టు పెద్దకొమ్మ. మొదటి నాలుగింటిలో జంట ఫ్ అని పలుకుతుంది, చివరి రెండింటిలో మౌనం. ఇక్కడ మాత్రం సూత్రం లేదు, గుర్తుపెట్టుకోవాల్సిందే. నేను పిల్లలకు ఇలా చెప్పేవాణ్ణి: నవ్వినా దగ్గినా నోట్లోంచి గాలి ఫ్ మని వస్తుంది, అందుకని లాఫ్‌లో, కాఫ్‌లో ఫ్ ఉంది. రఫ్, టఫ్ రెండూ జోడీ, ఎటు పోయినా కలిసే పోతాయి. మిగిలిన కొమ్మ, పిండిముద్ద నోరు తెరవవు. మీ పాపను అద్దం ముందు నిలబెట్టి ఆరూ పలికించండి. ఫ్ వచ్చినప్పుడు పై పళ్ళు కింది పెదవిని తాకుతాయి. రెండు మాటల్లో తాకవు. అది ఒకసారి కళ్ళారా చూస్తే మళ్ళీ అడగదు.

మూడో గుంపులో రెండే మాటలున్నాయి. దయ్యం అనే గోస్ట్, పీనుగుల్ని తినే భూతం అనే గూల్. జంట మొదటి రెండు గళ్ళలో ఉంది, గ్ అని పలుకుతుంది. తొమ్మిది, తొమ్మిది, రెండు: లెక్క ఇరవైకి సరిపోయింది. ఇంకోటి గమనించండి, రెండు-మూడు గళ్ళలో జంట ఎక్కడా పడలేదు. మీ పాప ఫోన్‌లో ఐదక్షరాల పదాలు కనిపెట్టే ఆట ఆడుతుంటే ఈ ఒక్క ముక్క బాగా పనికొస్తుంది. ఆ ఆటల్లో బాగా పేరొచ్చిన వర్డిల్‌ను 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక కొనుక్కుంది. జి, హెచ్ రెండూ ఉన్నాయని తెలిశాక ముందుగా మూడు-నాలుగు గళ్ళలో పెట్టి, చివర టి వేసి చూడమనండి.

ఇప్పుడు పాప అడిగిన ప్రశ్న. పలకని అక్షరాలు ఎందుకు రాయాలి? ఈ ప్రశ్న అడిగిన పిల్లను మెచ్చుకోవాలి. "అది అంతే, నోరు మూసుకుని రాయి" అని మాత్రం అనకండి. జవాబు ఉంది, చాలా బాగుంటుంది కూడా.

ఆ అక్షరాలు ఒకప్పుడు పలికేవి. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీష్‌లో రాత్రిని ఎన్, ఐ, హెచ్, టి అని నాలుగక్షరాలతో రాసేవాళ్ళు. అందులో హెచ్ గొంతు దగ్గర గీసుకుంటూ వచ్చే శబ్దం. మన వరంగల్‌లో ఉర్దూ మాట్లాడేవాళ్ళు ఖత్ అన్నా, ఖబర్ అన్నా వినిపించే ఖ్ ఉంది చూడండి, దానికి దగ్గరగా ఉండేది. ఇంగ్లీష్‌కు చుట్టమైన జర్మన్‌లో ఇప్పటికీ రాత్రిని నాఖ్ట్ అంటారు, ఎనిమిదిని ఆఖ్ట్ అంటారు. 1066లో ఫ్రాన్స్ వైపు నుంచి నార్మన్లు వచ్చి ఇంగ్లండ్‌ను గెలిచాక, ఫ్రెంచ్ రాతకు అలవాటుపడ్డ లేఖకులు ఈ శబ్దానికి హెచ్ ఒక్కటి చాలదనుకున్నారు. క్రమంగా జి-హెచ్ అని జంటగా రాయడం స్థిరపడింది. ఆ తర్వాత కొన్ని వందల ఏళ్ళకు జనం నోట్లో ఆ శబ్దమే అరిగిపోయింది. కొన్ని మాటల్లో పూర్తిగా పోయింది, కొన్నింటిలో ఫ్‌గా మారింది. ఏ మాటలో ఏది నిలవాలన్నది ఒక పద్ధతి ప్రకారం జరగలేదు, ఒక్కో ప్రాంతం ఒక్కోలా పలికింది. పిండిముద్దనే కొన్నిచోట్ల డఫ్ అనేవాళ్ళు. ప్లమ్ డఫ్ అనే ఇంగ్లీష్ తీపి వంటకం పేరులో ఆ పలుకు ఇంకా మిగిలే ఉంది. అందుకే ఆ ఆరు మాటలకు సూత్రం దొరకదు.

మరి శబ్దం పోయాక అక్షరాలు ఎందుకు తీసెయ్యలేదు? అప్పటికే అచ్చు వచ్చేసింది. విలియం కాక్స్‌టన్ 1476లో లండన్ పక్కన వెస్ట్‌మినిస్టర్‌లో ఇంగ్లండ్‌లోని మొదటి ముద్రణాలయం పెట్టాడు. నోటిమాట మారుతూనే ఉంది గానీ పుస్తకంలో మాట మెల్లమెల్లగా గట్టిపడిపోయింది.

మన తెలుగులోనూ ఇలాంటివి ఉన్నాయి. మీ నాయనమ్మ దగ్గర పాత పుస్తకం ఏదైనా ఉంటే తీసి పాపకు చూపించండి. గుఱ్ఱంలో బండి ఱ ఉంటుంది, వాఁడులో అరసున్న ఉంటుంది. బండి ఱకు ఒకప్పుడు వేరే పలుకు ఉండేది. అరసున్న ముక్కుతో పలికిన శబ్దానికి గుర్తు. పలుకు పోయాక కూడా చాలాకాలం రాశాం, వాడుక భాషలో రాయడం మొదలయ్యాక వదిలేశాం. ఇంగ్లీష్ వాళ్ళు వదల్లేదు. ఈ మాట చెబితే ఏడో తరగతి పిల్లకు చక్కగా అర్థమవుతుంది. పలకని అక్షరం అంటే తన మీద పగబట్టి ఎవరో పెట్టింది కాదని తెలుస్తుంది.

పైగా ఆ జంట ఇప్పుడు కూడా ఊరికే కూర్చోలేదు. సైట్‌లోంచి జి-హెచ్ తీసేయండి, సిట్ అవుతుంది. ఫైట్‌లోంచి తీస్తే ఫిట్. లైట్‌లోంచి తీస్తే లిట్. అంటే ముందున్న ఐ అనే అక్షరాన్ని ఇ అని కాకుండా ఐ అని పలకమని ఆ జంటే చెబుతోంది. దీనికీ చరిత్ర ఉంది. గొంతు శబ్దం పోయినప్పుడు ముందున్న ఇ సాగి ఈ అయింది. సుమారు 1400 నుంచి 1700 దాకా ఇంగ్లీష్‌లో దీర్ఘాలన్నీ జరిగి మారిపోయాయి, ఆ జరుగుబాటులో ఈ కాస్తా ఐ అయింది. నిఖ్ట్ లాంటి పలుకు నీట్ మీదుగా నైట్ దాకా వచ్చింది. పాప చేత ఈ జతలు పక్కపక్కన రాయించండి: సిట్-సైట్, ఫిట్-ఫైట్, లిట్-లైట్. జంట ఉన్నప్పుడు ఒకలా, లేనప్పుడు ఒకలా చదివించండి. నా అనుభవంలో ఇంతకన్నా త్వరగా పట్టుబడే అభ్యాసం ఇంకోటి లేదు.

గోస్ట్ కథ వేరు. అందులో హెచ్ ఎప్పుడూ పలకలేదు, పాత ఇంగ్లీష్‌లో అసలు లేదు కూడా. కాక్స్‌టన్ ఇంగ్లండ్‌కు తిరిగి రాకముందు ఇప్పటి బెల్జియంలోని బ్రూజ్ పట్నంలో ఉండేవాడు. అక్కడి ఫ్లెమిష్ భాషలో దయ్యం మాటను అప్పట్లో జి-హెచ్‌తో రాసేవాళ్ళు. ఆ అలవాటు అతని ముద్రణాలయంతో పాటు ఇంగ్లీష్‌లోకి దిగింది. బాతు జాతి పక్షి గూస్‌కు, మేక అనే గోట్‌కు కూడా అప్పట్లో ఇలాగే హెచ్ తగిలించారు గానీ అవి నిలవలేదు. దయ్యం ఒక్కటే నిలిచింది. గూల్ మాత్రం అరబ్బీ నుంచి వచ్చిన మాట, అక్కడి గొంతు శబ్దాన్ని చూపడానికి జి-హెచ్ వాడారు.

మన పిల్లలకు ఇంకో చిక్కు ఉంది, దీన్ని ఇంగ్లండ్ పుస్తకాలు చెప్పవు. మనం ఇంగ్లీష్ లిపిలో పేర్లు రాసేటప్పుడు జి-హెచ్ అంటే ఘ. రఘు, రాఘవ, మేఘన. కాజీపేటలో సికింద్రాబాద్ రైలెక్కితే ఘన్‌పూర్ బోర్డు మీద, ఇంకా ముందుకు పోతే ఘట్‌కేసర్ బోర్డు మీద పసుపు రంగులో నల్లగా అదే జంట కనిపిస్తుంది. నెయ్యి అనే ఘీ, రేవు అనే ఘాట్ ఇంగ్లీష్ నిఘంటువుల్లోకే ఎక్కాయి. ఇన్నిచోట్ల ఘ అని చదివిన పిల్ల నైట్ చూసి నిఘ్ట్ అని చదివితే తప్పు పిల్లది కాదు. తను తెలిసిన నియమాన్నే వాడింది. అందుకని రెండు ఇళ్ళు వేరు చేసి చెప్పండి. మన పేరు, మన ఊరు, మన వస్తువు అయితే జంట గట్టిగా ఘ. ఇంగ్లీష్ మాట అయితే గళ్ళు చూసుకోవాలి.

మీ పాపకు హుషారు ఎక్కువైతే ఒక పొడుపుకథ వేయండి. జి, హెచ్, ఓ, టి, ఐ అని రాసి, దీన్ని ఫిష్ అని చదవాలంటారు కొందరు. టఫ్‌లోని జి-హెచ్ ఫ్ కదా, విమెన్‌లోని ఓ ఇ కదా, నేషన్‌లోని టి-ఐ ష్ కదా అని వాదన. ఇంగ్లీష్ స్పెల్లింగ్‌కు తలాతోకా లేదని చెప్పడానికి దీన్ని నాటక రచయిత బెర్నార్డ్ షా పేరుతో చెబుతుంటారు. కానీ షా పుట్టింది 1856లో, ఈ ముక్క 1855 నాటి ఒక ఉత్తరంలోనే ఉంది. మీ పాపను అడగండి, ఇది ఎందుకు చెల్లదో చెప్పమని. గళ్ళ పద్ధతి పట్టుబడితే తనే చెబుతుంది: జంట మొదటి గళ్ళలో ఉంటే గ్ తప్ప ఫ్ రాదు. టి-ఐ చివర వస్తే ష్ రాదు. స్పెల్లింగ్‌కు చాలావరకు తలాతోకా ఉన్నాయనడానికే ఇది పనికొస్తుంది.

పోటీలో మార్కులు పోయేది ఎక్కువగా రెండు చోట్ల. మొదటిది, ఒకేలా వినిపించే మాటలు. చెప్పేవాళ్ళు సైట్ అంటారు. కళ్ళకు సైట్ వచ్చింది, అద్దాలు పెట్టించాం అంటే చూపు, అది జి-హెచ్ మాట. హన్మకొండలో సైట్ కొన్నాం అంటే ఇంటి స్థలం, అది ఎస్, ఐ, టి, ఇ, నాలుగక్షరాలే. మన తెలుగు నోట్లో రెండూ ఒకటే, రాతలో వేరు. అలాగే ఎనుమాముల మార్కెట్‌కు పోయే దారిలో పత్తి బండ్లు, మిర్చి బండ్లు తూకం వేసేచోట వే బ్రిడ్జి బోర్డులు ఉంటాయి. చాలామంది పిల్లలు దాన్ని దారి అనే వే అనుకుంటారు, బ్రిడ్జి ఉంది కదా మరి. అది తూకం అనే వే: డబ్ల్యు, ఇ, ఐ, జి, హెచ్. ఈసారి అటు వెళ్ళినప్పుడు బండి ఆపి బోర్డు చూపించి చదివించండి. రైట్‌కు కూడా రాయడం అనే రైట్ ఉంది, అది డబ్ల్యుతో మొదలవుతుంది. ఎనిమిదికి తిన్నాను అనే ఎయిట్ ఉంది, అది మూడక్షరాలు. పోటీలో మాట వినగానే రాసేయకుండా, వాక్యంలో చెప్పమని అడగడం పాపకు అలవాటు చేయండి. అడిగే హక్కు ఉంటుంది, పిల్లలే మొహమాటపడతారు.

రెండోది హెచ్, టి తారుమారు కావడం. నైట్‌ను ఎన్, ఐ, జి, టి, హెచ్ అని రాసిన నోట్‌బుక్కులు దిద్దీ దిద్దీ నాకు విసుగు రాలేదు గానీ జాలి వచ్చేది. కారణం తెలిస్తే మీకూ జాలే వస్తుంది. ఇంగ్లీష్‌లో అన్నింటికన్నా ఎక్కువ కనిపించే అక్షరాల జంట టి-హెచ్. ద, దిస్, దట్, దే అని రోజంతా రాసిన చెయ్యి టి కనిపించగానే పక్కన హెచ్ వేసేస్తుంది. పదిసార్లు ఇంపోజిషన్ రాయించి లాభం లేదు, తప్పునే పదిసార్లు రాస్తారు. జి-హెచ్ రెండింటినీ ఒకే రంగు పెన్సిల్‌తో, చెయ్యి ఎత్తకుండా కలిపి రాయించండి. టి మాత్రం వేరే రంగులో. కొన్నాళ్ళకు ఆ రెండూ ఒకే అక్షరంలా చేతికి అలవాటవుతాయి.

రోడ్డు మీద బోర్డుల సంగతి కూడా చెప్పాలి. నైట్, లైట్ మాటలను జి-హెచ్ లేకుండా టి-ఇతో ముగించి రాసినవి దుకాణాల మీద, ప్యాకెట్ల మీద కనిపిస్తాయి. అవి వ్యాపారం కోసం పెట్టుకున్న రాతలు, పోటీలో చెల్లవు.

ఈ ఇరవై పట్టుబడ్డాక ఒక్క అక్షరం కలుపుకుంటూ పోతే ఆరక్షరాలవి వాటంతట అవే వస్తాయి. రైట్ ముందు బి పెడితే బ్రైట్, ఎఫ్ పెడితే ఫ్రైట్. లైట్ ముందు ఎఫ్ పెడితే ఫ్లైట్. నైట్ ముందు కె పెడితే యోధుడు, పలుకు మారదు. ఆట్ ముందు బి పెడితే బాట్, ఎఫ్ పెడితే ఫాట్. ఎయిట్ ముందు డబ్ల్యు పెడితే వెయిట్. హెచ్ పెడితే మాత్రం జాగ్రత్త, హెయిట్ కాదు, హైట్. ఇక ఎనిమిదవది అని రాయాల్సి వస్తే ఎయిట్ చివర హెచ్ ఒక్కటే చేర్చాలి. నోట్లో ట్, త్ రెండూ వినిపిస్తాయి గనుక పిల్లలు ఇంకో టి వేస్తారు, అది తప్పు. అందులో టి ఒక్కటే, హెచ్‌లు రెండు. నాగలి అనే ప్లౌ అడిగితే మన బడుల్లో జి-హెచ్‌తో రాయాలి. అమెరికా వాళ్ళు డబ్ల్యుతో ముగిస్తారు గానీ మన పాఠ్యపుస్తకాలు బ్రిటిష్ రాతనే పాటిస్తాయి. ఏ రాతను ఒప్పుకుంటారో బడిలో ముందే అడిగి పెట్టుకోండి.